పోస్ట్-పంక్ మూలాలు వెతకాలంటే ఎవరితో మొదలుపెట్టాలి?

నిర్వాణా, రేడియోహెడ్, రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ లాంటి బ్యాండ్లను ఇష్టంగా వినేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఒక సందేహం వస్తుంది. వీళ్లు ఎవరిని విని ఇలా వాయించడం నేర్చుకున్నారు? ఆ సందేహం వెంటపడితే దారి చాలాసార్లు 1977 నుంచి 1984 వరకు బ్రిటన్‌లో వచ్చిన కొన్ని ఆల్బముల దగ్గరికి తీసుకెళ్తుంది. వాటినే పోస్ట్-పంక్ అంటున్నాం. అక్కడికి చేరాక పేర్లు కుప్పలుగా ఎదురవుతాయి: జాయ్ డివిజన్, గ్యాంగ్ ఆఫ్ ఫోర్, వైర్, ద ఫాల్, సూజీ అండ్ ద బాన్షీస్, ద రెయిన్‌కోట్స్. వీరిలో ఎవరిని ముందు వింటే తర్వాతి బ్యాండ్ల మీద పడిన ప్రభావం చెవికి స్పష్టంగా తెలుస్తుందన్నదే ఇక్కడి విషయం.

నా తీర్పు ముందే చెబుతాను. పాట కలిగించే అనుభూతి మీకు ముఖ్యమైతే జాయ్ డివిజన్‌తో మొదలుపెట్టండి. ఒక బ్యాండు వాయిద్యం మరో బ్యాండులోకి ఎలా ప్రవహిస్తుందో పట్టుకోవడం నేర్చుకోవాలంటే గ్యాంగ్ ఆఫ్ ఫోర్. తీరిక తక్కువైతే వైర్. ద ఫాల్‌తో మాత్రం మొదలుపెట్టకండి, వాళ్లు ఎంత గొప్పవాళ్లయినా సరే.

ముందు ఏం వినాలో తెలియాలి

1976లో సెక్స్ పిస్టల్స్ వంటి పంక్ బ్యాండ్లు వాయించడం రాకపోయినా వేదిక ఎక్కవచ్చని నిరూపించాయి. కానీ ఆ పంక్ పాటల అస్థిపంజరం పాత రాక్ అండ్ రోల్‌దే. గిటారు ముందు, గాయకుడు నడుమ, బేస్, డ్రమ్స్ వెనక. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలో వచ్చినవారు ఈ వరుసనే మార్చారు. బేస్ గిటారు ముందుకు వచ్చి ట్యూన్ మోసింది. గిటారు వెనక్కి తగ్గి తాళం కొట్టింది, లేదా గాజు పెంకులా గీసింది. జమైకా డబ్ సంగీతం నుంచి ఖాళీ వదలడం, అమెరికా ఫంక్ నుంచి శరీరాన్ని కదిలించే లయ, జర్మనీ బ్యాండ్ల నుంచి ఒకే పదబంధాన్ని విసుగు లేకుండా తిప్పడం తెచ్చుకున్నారు.

అందుకే ప్రభావాన్ని వెతికేటప్పుడు గాయకుడి గొంతు దగ్గర ఆగిపోకూడదు. గొంతు పోలిక అందరికంటే ముందు దొరుకుతుంది, అందరికంటే ఎక్కువగా మోసం చేస్తుంది. ఏ వాయిద్యం ఏ పని చేస్తోందో చూడాలి. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు నడకను విడిగా పట్టి వినే అలవాటు మన శ్రోతల్లో చాలామందికి ఉంది. ఆ అలవాటు ఇక్కడ నేరుగా పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త: ఫోను స్పీకర్లో ఈ సంగీతం వినకండి. సగం కథ బేస్‌లో ఉంటుంది, ఫోను స్పీకరు దాన్ని మింగేస్తుంది. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు.

జాయ్ డివిజన్‌తో వెళ్తే

1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో సెక్స్ పిస్టల్స్ కచేరీ జరిగింది. దాన్ని చూసిన బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ బ్యాండు పెట్టాలని నిర్ణయించుకున్నారు. గాయకుడు ఇయాన్ కర్టిస్, డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ చేరిన తర్వాత అది జాయ్ డివిజన్ అయింది. 1979లో ఫ్యాక్టరీ రికార్డ్స్ నుంచి 'అన్‌నోన్ ప్లెజర్స్', 1980లో 'క్లోజర్' వచ్చాయి. రెండో ఆల్బమ్ దుకాణాలకు చేరకముందే, అమెరికా పర్యటనకు బయలుదేరాల్సిన తరుణంలో, 1980 మే 18న కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు.

ఆ మరణం నీడలో ఈ బ్యాండును వినేవారే ఎక్కువ. దాంతో సంగీతంలో జరిగిన పని మరుగున పడిపోతుంది. హుక్ బేస్ వాయించే తీరు చూడండి. అతని ఆంప్లిఫైయర్ నాసిరకంది. మంద్రంలో వాయిస్తే గిటారు హోరులో తనకే వినపడేది కాదు, అందుకని పై స్థాయిలో వాయించడం మొదలుపెట్టాడు. కర్టిస్‌కు అది నచ్చింది. అలా ఒక నాసిరకం పరికరం వల్ల బేస్ పాటకు ప్రధాన స్వరమైంది. 'లవ్ విల్ టేర్ అస్ అపార్ట్'లో ఆ ట్యూన్ మోసేది గొంతు ఎంతో బేస్ కూడా అంతే.

రెండో పని ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్‌ది. స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెరీ స్టూడియోలో అతను డ్రమ్స్ దెబ్బలను ఒకదాని నుంచి ఒకటి విడదీసి రికార్డు చేశాడు, డిజిటల్ డిలే యంత్రంతో ప్రతి దెబ్బ చుట్టూ చల్లని ఖాళీ సృష్టించాడు, గాజు పగిలే చప్పుళ్లు, లిఫ్టు శబ్దాలు చేర్చాడు. వేదిక మీద ఉరుములా వాయించే తమను ఇలా మార్చేశాడేమిటని సమ్నర్, హుక్ అప్పట్లో నొచ్చుకున్నారు. ఇవాళ 'జాయ్ డివిజన్ ధ్వని' అని అందరూ అనుకరించేది చాలావరకు హానెట్ స్టూడియోలో కట్టిన ధ్వనే. ఈ తేడా తెలియకపోతే ఎవరి ప్రభావం ఎవరి మీద అన్న లెక్క తప్పుతుంది.

ముందుకు నడిస్తే మొదట తగిలేది న్యూయార్క్‌కు చెందిన ఇంటర్‌పోల్, 2002 నాటి 'టర్న్ ఆన్ ద బ్రైట్ లైట్స్'. పాల్ బ్యాంక్స్ గంభీర స్వరం వినగానే జాయ్ డివిజన్ గుర్తొస్తుంది, పత్రికలన్నీ అదే రాశాయి. నాకు ఆ పోలిక సగమే నిజమనిపిస్తుంది. ఇంటర్‌పోల్‌లో రెండు గిటార్లు ఒకదానితో ఒకటి అల్లుకుంటూ సాగుతాయి, జాయ్ డివిజన్‌లో అటువంటి అల్లిక లేదు. దానికి దగ్గరి బంధువు మాంచెస్టర్ పరిసరాల నుంచే వచ్చిన ద కమీలియన్స్. వాళ్ల 1983 ఆల్బమ్ 'స్క్రిప్ట్ ఆఫ్ ద బ్రిడ్జ్' విన్నాక ఇంటర్‌పోల్‌ను మళ్లీ వినండి, మీకే తెలుస్తుంది. ఇంటర్‌పోల్ నిజంగా జాయ్ డివిజన్ నుంచి తీసుకున్నది కార్లోస్ డెంగ్లర్ బేస్‌లో ఉంది, బ్యాంక్స్ గొంతులో కాదు.

ఈ దారిలో నాకు అన్నిటికంటే విలువైన మలుపు మరొకటి ఉంది. కర్టిస్ పోయాక మిగిలినవారు న్యూ ఆర్డర్‌గా మారి 1983లో 'బ్లూ మండే' చేశారు. డ్రమ్ మెషీను, సింథసైజరు, వాటి మీద అదే హుక్ బేస్. చరిత్రలో అత్యధికంగా అమ్ముడైన 12 అంగుళాల సింగిల్ (పెద్ద రికార్డు మీద వచ్చే విడి పాట) అదే. డాన్స్ సంగీతానికి, రాక్‌కు మధ్య ఉన్న గోడ అక్కడ కూలింది. ద కిల్లర్స్ తమ పేరును న్యూ ఆర్డర్ 'క్రిస్టల్' వీడియోలో కనిపించే కల్పిత బ్యాండు నుంచి తీసుకున్నారు, తర్వాత 2007లో జాయ్ డివిజన్ 'షాడోప్లే'ను తమ పద్ధతిలో పాడారు. బెలారస్ రాజధాని మిన్‌స్క్ నుంచి వచ్చిన మోల్చత్ దోమా 2018 ఆల్బమ్ 'ఎతాజీ' వింటే ఆ చల్లని డ్రమ్ మెషీను ఎంత దూరం ప్రయాణించిందో అర్థమవుతుంది. అయితే అందులో లెనిన్‌గ్రాడ్ బ్యాండు కినో వాటా కూడా గట్టిగా ఉంది, మొత్తం మాంచెస్టర్ ఖాతాలో వేయడం అన్యాయం.

గ్యాంగ్ ఆఫ్ ఫోర్‌తో వెళ్తే

లీడ్స్ విశ్వవిద్యాలయం చుట్టూ పుట్టిన బ్యాండు ఇది. జాన్ కింగ్ గాత్రం, ఆండీ గిల్ గిటారు, డేవ్ అలెన్ బేస్, హ్యూగో బర్నమ్ డ్రమ్స్. 1979లో వచ్చిన 'ఎంటర్‌టైన్‌మెంట్!' వినడానికి గంట కూడా పట్టదు. వినగానే తెలిసేది పొడితనం. ప్రతిధ్వని లేదు, వెచ్చదనం లేదు. వాల్వ్ ఆంప్లిఫైయర్లు ఇచ్చే మెత్తని ధ్వని వద్దని గిల్ ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్లు ఎంచుకున్నాడు. గిటారు సోలో రావాల్సిన చోట మౌనం వస్తుంది. బేస్, డ్రమ్స్ ఫంక్ నడకలో సాగుతుంటే గిటారు మధ్యమధ్యలో గొడ్డలి వేటులా పడి మాయమవుతుంది.

పాటల విషయం కూడా అలాంటిదే. ప్రేమ, విశ్రాంతి, వినోదం, వీటిలోకి మార్కెట్ ఎలా దూరుతుందన్నదే అన్ని పాటల ఇరుసు. 1979లో బీబీసీ 'టాప్ ఆఫ్ ద పాప్స్' కార్యక్రమానికి పిలుపు వస్తే, పాటలో ఒక పదం మార్చమన్నందుకు ఒప్పుకోకుండా ఆ అవకాశం వదులుకున్నారు. వాణిజ్యపరంగా వాళ్లకు అది పెద్ద దెబ్బ.

ప్రభావాన్ని వెతికే విద్యకు ఇంతకంటే మంచి పాఠం లేదని నేననడానికి కారణం ఉంది. ఇక్కడ పోలికలను ఊహించనక్కర్లేదు, చేతులు మారిన దాఖలాలు ఉన్నాయి. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ 1984లో తెచ్చిన మొదటి ఆల్బముకు ప్రొడ్యూసర్ ఆండీ గిల్ స్వయంగా. బేసిస్టు ఫ్లీ ఈ బ్యాండు తనను ఎంత మార్చిందో ఎన్నోసార్లు చెప్పాడు. అమెరికా బ్యాండు ఆర్.ఈ.ఎం. తొలి రోజుల్లో గ్యాంగ్ ఆఫ్ ఫోర్ కచేరీలకు ముందు వాయించేది. నిర్వాణా గాయకుడు కర్ట్ కోబేన్‌కు అత్యంత ఇష్టమైన 50 ఆల్బముల జాబితాలో 'ఎంటర్‌టైన్‌మెంట్!' ఉంది. 2020లో రన్ ద జ్యూయల్స్ అనే ర్యాప్ జంట ఆ ఆల్బములోని 'ఈథర్' పాట గిటారును నేరుగా తమ పాటకు ఎత్తుకుంది.

2004 ప్రాంతంలో బ్రిటన్‌లో కోణాలు తీరిన గిటార్లతో వచ్చిన తరం విషయంలో దాఖలా ఇంకా గట్టిది. ద ఫ్యూచర్‌హెడ్స్ తొలి ఆల్బముకు పనిచేసిన ఇద్దరు ప్రొడ్యూసర్లలో ఒకరు గిల్, మరొకరు పాల్ ఎప్‌వర్త్. మరుసటి ఏడాది బ్లాక్ పార్టీ 'సైలెంట్ అలార్మ్'ను ప్రొడ్యూస్ చేసింది ఆ ఎప్‌వర్తే. రెండు ఆల్బములు వెంట వెంట వినండి, గిటారు ఎక్కడ ఆగుతోందో గమనించండి. వాయించిన చోటుకన్నా ఆగిన చోటే బంధుత్వాన్ని పట్టిస్తుంది.

ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను కూడా అందరూ ఈ గాటనే కట్టేస్తారు. నేను ఒప్పుకోను. గ్లాస్గోకు చెందిన ఈ బ్యాండు 2004 తొలి ఆల్బముతో, ఏటా ఉత్తమ ఆల్బముకు బ్రిటన్‌లో ఇచ్చే మెర్క్యురీ బహుమతి గెలిచింది. వాళ్ల పాటల్లోని చిలిపితనం, ఠీవి, అమ్మాయిలు డాన్స్ చేసే సంగీతం చేయాలన్న పట్టుదల లీడ్స్‌వి కావు. స్కాట్లండ్‌లోనే 1979–81 మధ్య వచ్చిన ఆరెంజ్ జ్యూస్, జోసెఫ్ కె, ఫైర్ ఇంజిన్స్ దగ్గర వాటి వేళ్లున్నాయి. ఫైర్ ఇంజిన్స్‌తో కలిసి వాళ్లు ఒక సింగిల్ కూడా తెచ్చారు, ఒకరి పాట ఒకరు వాయిస్తూ. దగ్గర్లో ఉన్న మూలాన్ని వదిలి పేరున్న మూలాన్ని పట్టుకోవడం ఈ వెతుకులాటలో తరచూ జరిగే పొరపాటు.

వైర్, సూజీ: రెండు చిన్న దారులు

వైర్ 1977 ఆల్బమ్ 'పింక్ ఫ్లాగ్'లో 21 పాటలు, మొత్తం నిడివి సుమారు 35 నిమిషాలు. చెప్పాల్సింది అయిపోగానే పాట ఆగుతుంది, కొన్నయితే నిమిషం కూడా ఉండవు. ఈ పొదుపు అమెరికాకు పాకింది. మైనర్ థ్రెట్ బ్యాండు వైర్ పాట '12 ఎక్స్ యూ' వాయించింది, ఆర్.ఈ.ఎం. 1987లో 'స్ట్రేంజ్' పాడింది. కాలిఫోర్నియాలో మినిట్‌మెన్ చిట్టిపాటలనే తమ పద్ధతిగా చేసుకుని 1984లో 40కి పైగా పాటలతో జంట ఆల్బమ్ తెచ్చింది. ప్రభావానికీ నకలుకూ మధ్య గీత ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఇక్కడే మరో జత ఉంది: వైర్ 'త్రీ గర్ల్ రంబా', 1994లో ఎలాస్టికా చేసిన 'కనెక్షన్'. గిటారు ప్రారంభం వినగానే విషయం అర్థమవుతుంది. వ్యవహారం కోర్టు బయట రాజీతో ముగిసింది. మినిట్‌మెన్ వైర్ నుంచి ఆలోచన తీసుకున్నారు, ఎలాస్టికా గిటారు పదబంధాన్నే తీసుకుంది. ఆ పాట నాకిష్టమే, కానీ ఈ రెండింటినీ ఒకే మాటతో 'ప్రభావం' అనలేను.

గిటారు రంగుల మీద ఆసక్తి ఉన్నవారికి సూజీ అండ్ ద బాన్షీస్, ముఖ్యంగా 1981 నాటి 'జుజు'. గిటారిస్టు జాన్ మెక్‌గోచ్ 'స్పెల్‌బౌండ్'లో తీగలు మీటే వేగం, డ్రమ్మర్ బడ్జీ పెద్ద డ్రమ్ముల మీద నడిపించే లయ వినండి. తర్వాత రేడియోహెడ్ 2003లో చేసిన 'దేర్ దేర్' పెట్టండి. చిలీ పెప్పర్స్ గిటారిస్టు జాన్ ఫ్రూషాంటే 2002 నాటి 'బై ద వే' ఆల్బమ్ సమయంలో మెక్‌గోచ్‌ను తన గురువుల్లో ఒకడిగా చెప్పుకున్నాడు. అంటే చిలీ పెప్పర్స్ ఒక్క బ్యాండులోనే రెండు పోస్ట్-పంక్ పాయలు కలిశాయి: ఫ్లీ ద్వారా లీడ్స్, ఫ్రూషాంటే ద్వారా బాన్షీస్. మరో బ్రిటిష్ బ్యాండు ద క్యూర్ వైపు వెళ్లాలన్నా ఇదే ద్వారం. 1979లో బాన్షీస్ గిటారిస్టు పర్యటన మధ్యలో వెళ్లిపోతే, వాళ్లకు ముందు వాయిస్తున్న ద క్యూర్ నాయకుడు రాబర్ట్ స్మిత్ రెండు బ్యాండ్లలోనూ వాయించాడు. ఆ తర్వాత ద క్యూర్ పాటలు చీకటివైపు మళ్లాయి. చివరికి 2011లో ద వీకెండ్ అనే గాయకుడు 'హౌస్ ఆఫ్ బెలూన్స్' కోసం బాన్షీస్ 'హ్యాపీ హౌస్'ను తీసుకున్నాడు. పోస్ట్-పంక్ పేరు కూడా వినని కోట్లమంది చెవుల్లో ఆ గిటారు మోగింది.

ద ఫాల్ ఎందుకు తర్వాత

మార్క్ ఈ. స్మిత్ 1976 నుంచి 2018లో మరణించేదాకా నడిపిన బ్యాండు ఇది. సభ్యులు పదుల సంఖ్యలో వచ్చారు, పోయారు, స్టూడియో ఆల్బములే 30 దాటాయి. బీబీసీ రేడియో వ్యాఖ్యాత జాన్ పీల్ కోసం 24 సెషన్లు రికార్డు చేశారు. ఒకే రిఫ్ (గిటారు పదబంధం) తిరుగుతూ ఉంటుంది, దాని మీద స్మిత్ పాడడు, మాట్లాడతాడు, గొణుగుతాడు, అరుస్తాడు. యాస తెలియనివారికి మాటలు అందవు, ట్యూన్ కోసం చూసేవారికి ట్యూన్ దొరకదు. అందుకే మొదటి మెట్టుగా వద్దంటున్నాను.

కానీ ఇవాళ్టి బ్యాండ్లు మీ ప్రారంభ బిందువైతే మాట మారుతుంది. డ్రై క్లీనింగ్‌లో ఫ్లోరెన్స్ షా పాడకుండా మాట్లాడే తీరు, స్లీఫర్డ్ మాడ్స్ కోపం, యార్డ్ యాక్ట్ కథలు, డబ్లిన్ యాసను దాచని ఫాంటేన్స్ డి.సి., వీళ్లందరికీ సొంత గొంతుతో, సొంత ఊరి మాటతో నిలబడే ధైర్యం ద ఫాల్ వైపు నుంచి వచ్చిందని నా నమ్మకం. అమెరికాలో పేవ్‌మెంట్ 1992 ఆల్బమ్ 'స్లాంటెడ్ అండ్ ఎన్చాంటెడ్' మరీ దగ్గర, స్మిత్ ఆ పోలికను చూసి బహిరంగంగానే మండిపడ్డాడు. వినాలనుకుంటే 1982 నాటి 'హెక్స్ ఎన్‌డక్షన్ అవర్' తీసుకోండి, ఇద్దరు డ్రమ్మర్లు ఉన్న కాలం అది.

వెనక్కి నడవాలా, ముందుకా?

1979లో మొదలుపెట్టి ఇటు రావడం ఒక పద్ధతి, తెలిసిన బ్యాండు నుంచి అటు వెళ్లడం ఇంకొకటి. మొదటి పద్ధతిలో కాలక్రమం చక్కగా అర్థమవుతుంది, కానీ పరిచయం లేని ధ్వనుల మధ్య చాలామంది మూడో ఆల్బము దగ్గరే అలసిపోతారు. నేను రెండోదే సూచిస్తాను. ఇష్టం ముందే ఉంటుంది కాబట్టి పాత రికార్డు కాస్త మొరటుగా ఉన్నా చెవి ఓపిక పడుతుంది.

నిర్వాణా ఇష్టమైతే రెండు జతలు చూడండి. మొదటిది కిల్లింగ్ జోక్ 1984 పాట 'ఎయిటీస్', నిర్వాణా 'కమ్ యాజ్ యు ఆర్'. గిటారు పదబంధం దాదాపు ఒకటే, కిల్లింగ్ జోక్ అభ్యంతరం చెప్పింది కూడా. ఏళ్లు గడిచాక నిర్వాణా డ్రమ్మర్ డేవ్ గ్రోల్ వెళ్లి కిల్లింగ్ జోక్ 2003 ఆల్బముకు డ్రమ్స్ వాయించాడు.

రెండో జత ద రెయిన్‌కోట్స్. లండన్‌కు చెందిన ఈ మహిళల బ్యాండు 1979లో రఫ్ ట్రేడ్ సంస్థ నుంచి తెచ్చిన తొలి ఆల్బములో వయొలిన్ గీరుకుపోతుంది, లయ తడబడి మళ్లీ నిలదొక్కుకుంటుంది, గొంతులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. కోబేన్ లండన్ వచ్చినప్పుడు ఆ రికార్డు కోసం రఫ్ ట్రేడ్ దుకాణానికి వెళ్లాడు. అక్కడివారు పురాతన వస్తువుల దుకాణంలో పనిచేస్తున్న ఆ బ్యాండు సభ్యురాలు ఆనా దా సిల్వా దగ్గరికి పంపారు. ఆ తర్వాత 1993లో ఆల్బమ్ మళ్లీ విడుదలైనప్పుడు దానికి ముందుమాట రాసింది కోబేనే. 1994 వసంతంలో నిర్వాణా బ్రిటన్ కచేరీల్లో వాళ్లు ముందు వాయించాల్సి ఉండగా అతను చనిపోయాడు.

నిర్వాణా పాటల్లో ఎక్కడ వెతికినా రెయిన్‌కోట్స్ రిఫ్ దొరకదు. వయొలిన్ తడబాటు, ఇంటి గదిలో కూర్చుని వాయిస్తున్నట్టుండే ఆ దగ్గరతనం, లోపాన్ని చెరపకుండా వదిలేసే నిజాయితీ మాత్రం 'ఇన్ యూటెరో' ఆల్బములో గొంతు బొంగురుపోయే చోట్ల నాకు వినిపిస్తాయి. కిల్లింగ్ జోక్ జతలో సామ్యం ఉంది కానీ స్ఫూర్తి ఎంతో తేల్చలేం. రెయిన్‌కోట్స్ జతలో సామ్యం లేదు, స్ఫూర్తి మాత్రం అతనే రాసిపెట్టాడు. ఒక వారాంతం తీరిక ఉంటే ఈ రెండు జతలూ వినండి. తర్వాత 'ఎంటర్‌టైన్‌మెంట్!' పెట్టుకోండి, అప్పటికి చెవి తయారుగా ఉంటుంది.